నీలి బల్లికి ఆ చెట్టే ఎందుకు?

టాంజానియాలోని కింబోజా అడవిలో ఓ బుల్లి బల్లి ఉంది. మగదైతే మిలమిలలాడే నీలం, గొంతు నలుపు, పొట్ట నారింజ. ఆడది ఆకుపచ్చ. మన మొగలికి చుట్టమైన ఒక చెట్టే దాని ఇల్లు. పొడవాటి ఆకుల గుబురులో పురుగుల్ని వేటాడుతుంది, ఆకు మొదళ్లలో నిలిచిన నీళ్లు తాగుతుంది, అలికిడైతే ఆ సందుల్లోకే దూరుతుంది. ఆ అడవేమో సుమారు 4 చదరపు కిలోమీటర్లే!

మరి ఈ బల్లికి అంతరించే ముప్పు ఎలా వచ్చింది? అందం వల్లే. పెంపుడు జీవుల వ్యాపారులకు అమ్మడానికి వేల సంఖ్యలో పట్టేశారు. వాటిని అందుకోవడానికి ఏకంగా చెట్లనే నరికారు. ఇదేం తెలివి? బల్లీ పోయె, ఇల్లూ పోయె! పైగా కార్చిచ్చులు, కలప కోత. 2012లో ఇది అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాకెక్కింది. అడవిలో పట్టిన ఈ బల్లుల్ని దేశాల మధ్య అమ్మడం, కొనడం 2017 నుంచి నిషిద్ధం.