ప్రజ్ఞయా, పుట్టినచోటా?

అమెరికా సంయుక్త రాష్ట్రములు ప్రజ్ఞావంతులగు విదేశీయులను ఆదరించునని లోకప్రసిద్ధి. అందు సగపాలు మాత్రమే సత్యము.

1990 నాటి శాసనము ఉద్యోగము ఆధారముగా స్థిరనివాసమును కోరువారికి సాలునకు సుమారు 1,40,000 వీసాలను నిర్ణయించినది. అసాధారణ ప్రతిభావంతులు, ప్రఖ్యాతులగు ఆచార్యులు ప్రథమ శ్రేణి. ఉన్నత పట్టములు గలవారు ద్వితీయ శ్రేణి. తక్కిన పట్టభద్రులును, నేర్పరులగు పనివారును తృతీయ శ్రేణి. ఒక్కొక్క శ్రేణికి నూటికి 28.6 పాళ్లు. వెంటవచ్చు భార్యాబిడ్డలును ఈ లెక్కలోనివారే.

ఇంతవరకు న్యాయముగనే తోచును. కాని యే దేశమున జన్మించినవారికైనను మొత్తములో నూటికి 7 పాళ్లకు మించి యీయరాదని వేరొక నిబంధన కలదు. నూటనలువది కోట్ల జనముగల భారతదేశమునకును, కొలది లక్షల జనముగల ఐస్‌లాండునకును హద్దు ఒక్కటే! ఇతరులు వాడక మిగిల్చినవి మనవారికి కొన్ని దక్కును గాని, అవి చాలవు. పౌరసత్వమును మార్చుకొన్నను ఫలము లేదు, చూడబడునది జన్మస్థలము.

ఫలితమేమి? 2025 వేసవి పట్టికల ప్రకారము ద్వితీయ శ్రేణిలో 2013 జనవరికి పూర్వము దరఖాస్తు పడిన భారతీయులకే వంతు వచ్చినది. అదే శ్రేణిలో పెక్కు దేశములవారు వేచినది సుమారు రెండేండ్లే. ఈలోపల మనవాడు తాత్కాలికపు హెచ్‌-1బి వీసాను మాటిమాటికి పొడిగించుకొనుచుండవలెను. ఉద్యోగము పోయెనా, 60 దినములలో వేరొక యజమానిని వెదకుకొనవలెను. శాసనము లెక్కించు వయస్సు 21 నిండగనే బిడ్డకు తండ్రి దరఖాస్తులో చోటుండదు. అచ్చటనే పెరిగిన బిడ్డ అచ్చటనే పరదేశి యగుచున్నాడు!

భారతీయులకీ యవమానము క్రొత్తది కాదు. 1917 శాసనము ఆసియాలో అధికభాగమును నిషిద్ధ మండలము గావించెను. 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు మనవారు పౌరసత్వమున కర్హులు కారనెను. 1946లో సాలునకు 100 మందికి ప్రవేశము లభించెను. 1965లో పాత జాతివారీ వంతులు తొలగెను. కాని దేశమునకొక హద్దు నిలిచెను.

హద్దు తీసినచో కొన్నియేండ్లు వీసాలలో పెద్దభాగము భారతీయులకే పోవునని ప్రతిపక్షుల వాదము. అందు కొంత నిజము లేకపోలేదు. అందులకు క్రమక్రమముగా సడలించుట ఉపాయము గాని, అన్యాయమును శాశ్వతము చేయుట కాదు. 2019 జూలైలో అచ్చటి ప్రతినిధిసభ 365 ఓట్లతో హద్దును తొలగించు బిల్లును ఆమోదించెను. 2020 డిసెంబరులో సెనేటు వేరొక రూపమున అంగీకరించెను. రెండును ఏకము కాక శాసనము పుట్టలేదు.

తెలుగునాట పొలమును కుదువపెట్టి కుమారుని పంపు తండ్రులు అనేకులు. వీసా దొరకుట వేరు, నివాసము స్థిరపడుట వేరు అని వారు ముందే గ్రహింపవలెనని మా మనవి. ఇచ్చటి ప్రభుత్వములును ప్రయోగశాలలకు, పరిశ్రమలకు తగిన ధనము కేటాయించి, మరలివచ్చువారికి గౌరవప్రదమగు పని చూపవలెను. పరదేశమున న్యాయమును కోరుట మన హక్కు. స్వదేశమున ప్రజ్ఞకు తావు కల్పించుట మన విధి. రెండవదానిని నెరవేర్చిననాడు మొదటిదానిని మరింత ధైర్యముతో అడుగగలము.