కొండ దిగే కారుకు పరీక్ష

పిల్లలూ! చలికాలం అనగానే మీకు మంచు, చలిమంటలు, ఉన్ని చొక్కాలు గుర్తుకు వస్తాయి కదూ! మన తిరుపతి, చిత్తూరు వైపు చలికాలం తీరు వేరు. దేశంలో చాలా చోట్ల వానలు ముగిసేవేళకు మనకు ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఒక వాయుగుండం పుట్టిందంటే చాలు, మన చెరువులు నిండుతాయి, కొండలు తడుస్తాయి, రోడ్లు జారుతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి మీ ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. ఆ తర్వాత డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నది.

అలాంటి చలికాలానికి ఒక పాత కారు కొనవలసి వస్తే ఏం చూడాలి? ఈ ప్రశ్న నిరుడు మా ఇంటికే వచ్చింది.

మా మేనల్లుడు చిత్తూరులో ఉంటాడు. ఒకనాటి సాయంత్రం రొప్పుతూ వచ్చాడు. “మామా, ఎర్రకారు ఒకటి చూసినా. స్పోర్ట్స్ సెడాన్! భలే ఉండాది. సెకండ్‌హ్యాండే గానీ కొత్తదాని మాదిరి మెరుస్తాండాది. నువ్వొకసారి వచ్చి చూడు,” అన్నాడు. వాడి వెంట తొమ్మిదో తరగతి చదివే కూతురు కూడా వచ్చింది. నెలకొకసారి మా అక్కను తిరుమలకు తీసుకువెళ్లడం వాడికి అలవాటు. అంటే ఆ కారులో కొండ ఎక్కి దిగేది మా అక్క, నా మేనల్లుడు, ఆ పాప. అందుకే నేను వెంటనే చెప్పులు వేసుకున్నాను. పాపతో, “జామెట్రీ బాక్సులో స్కేలు తెచ్చుకోమ్మా,” అన్నాను.

సెడాన్ అంటే నాలుగు తలుపులు, వెనుక వేరుగా డిక్కీ ఉన్న కారు. దానికే బలమైన ఇంజను, వెడల్పు టైర్లు, నేలకు దగ్గరగా ఉండే ఒడ్డు, పొడుగు అమరిక ఇస్తే స్పోర్ట్స్ సెడాన్ అంటారు. చూసేవాళ్లు మొదట అడిగేది, “ఎంత వేగం పోతుంది?” అని. మనం మాత్రం మరో ప్రశ్న అడుగుదాం: “ఎంత దూరంలో ఆగుతుంది?”

ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. పొడి రోడ్డు మీద టైరుకూ రోడ్డుకూ ఘర్షణ గుణకం 0.7 అనుకుందాం. బ్రేకు పూర్తిగా పట్టాక కారు ఆగడానికి సుమారు 9 మీటర్లు కావాలి. తడి రోడ్డు మీద ఆ గుణకం 0.4కు పడిపోతే సుమారు 16 మీటర్లు కావాలి. ఇప్పుడు వేగాన్ని రెట్టింపు చేయండి. గతిజ శక్తి వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి దూరం నాలుగు రెట్లవుతుంది. అంటే తడిలో 63 మీటర్లు! డ్రైవరు ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీద పెట్టేలోపు కారు పరుగెత్తే దూరం దీనికి అదనం.

మలుపుల సంగతి ఇంకా చిత్రమైనది. 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే కనీసం 0.47 ఘర్షణ గుణకం కావాలి. తడి రోడ్డు ఇచ్చేది 0.4 మాత్రమే అయితే కారు బయటికి జారిపోతుంది. అదే 20 కిలోమీటర్ల వేగమైతే 0.21 చాలు. ఈ లెక్కలో కారు బరువు రెండువైపులా కొట్టేసుకుపోతుంది. ఇంజను బలం అసలు రానే రాదు. ఎర్రకారైనా, ఎద్దులబండైనా వంపు అడిగేది ఒక్కటే: చక్రానికి పట్టు ఎంత?

ఆ పట్టు ఎక్కడుందో చూద్దామని మొదట టైర్ల దగ్గర కూర్చున్నాం. ఒక్కొక్క టైరు రోడ్డును తాకే చోటు మన అరచేయి అంతే. టైరు మీద ఉండే గాళ్ల పని నీటిని పక్కకు తోసివేయడం. గాళ్లు అరిగిపోతే నీరు బయటికి పోయే దారి ఉండదు. వేగం పెరిగినప్పుడు టైరు నీటిపొర మీదికి ఎక్కి తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారు మాట వినదు. వెడల్పు టైరు పొడి రోడ్డు మీద బాగా పట్టినా, నిలిచిన నీటి మీద సన్న టైరు కన్నా ముందే తేలుతుంది. గాలి తక్కువైతే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

పాప గాళ్లలో స్కేలు నిలిపి చూసి, “తాతా, 2 మిల్లీమీటర్లే!” అన్నది. మన చట్టం ప్రకారం కారు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. చట్టానికి సరిపోయినా వానకు 3 మిల్లీమీటర్లకు తగ్గకుంటే మంచిది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు కూడా చూపించాను. ‘3519’ అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. గాళ్లు లోతుగా ఉన్నా, ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి పగుళ్లు తీస్తుంది. అరుగుదల తీరు కూడా కథ చెబుతుంది. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ పెట్టారు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ పెట్టారు. ఒక్క అంచే అరిగితే చక్రాల అమరిక తప్పింది.

మంచు కురిసే దేశాల్లో ఉన్న మనవాళ్లు చలికాలానికి టైర్లే మార్చేస్తారు. టొరంటోలోనో డెట్రాయిట్‌లోనో ఉన్న మీ బంధువులను అడిగి చూడండి. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన గట్టిపడుతుంది. అందుకే అక్కడ మెత్తని రబ్బరుతో చేసిన శీతాకాలపు టైర్లు వాడతారు. మన తిరుపతికి వాటి అవసరం లేదు. మన శత్రువు మంచుగడ్డ కాదు, నీటిపొర.

ఇక బ్రేకుల సంగతి. ఇక్కడ మీకు నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక అద్దెకారులో తిరుమల నుంచి దిగుతున్నాం. సన్నని వాన. డ్రైవరు ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. సగం దూరం వచ్చేసరికి కాలిన వాసన కొట్టింది. “సార్, పెడల్ మెత్తగా పోతాండాది,” అన్నాడు నెమ్మదిగా. ఆ మాటకు నా గొంతు తడారిపోయింది. గేరు తగ్గించి, రోడ్డు పక్కన ఎలాగో ఆపాడు. అరగంట తర్వాత బ్రేకులు చల్లబడ్డాకనే కదిలాం.

అసలు ఏం జరిగింది? తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో సుమారు 700 మీటర్ల తేడా ఉంది. మనుషులతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు కొండ మీద ఉన్నప్పుడు, కింద ఉన్నప్పటి కన్నా సుమారు ఒక కోటి జౌళ్ల స్థితిజ శక్తి ఎక్కువగా ఉంటుంది. దిగేటప్పుడు ఈ శక్తి ఎక్కడికో పోవాలి కదా! కొంత టైర్ల దొర్లుడుకూ గాలికీ పోతుంది. మిగతాదంతా బ్రేకుల్లోనో, ఇంజనులోనో వేడిగా మారాలి. కోటి జౌళ్లంటే 20 డిగ్రీల వద్ద ఉన్న 30 లీటర్ల నీటిని మరుగు స్థానానికి చేర్చగల శక్తి!

బ్రేకు పెడల్ నుంచి చక్రం దాకా బలాన్ని మోసేది ఒక ద్రవం. ద్రవాలు నొక్కితే నలగవు. అందుకే పాస్కల్ నియమం ప్రకారం మన కాలి ఒత్తిడి చక్రానికి చేరుతుంది. అయితే ఈ ద్రవం గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది. ఇంకేముంది, పెడల్ అడుగుకు పోతుంది, కారు ఆగదు! కాబట్టి పాత కారు కొనగానే బ్రేకు ద్రవం మార్పించాలి. ఆ తర్వాత రెండేళ్లకొకసారి మార్పించాలి. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచి ఇంజను చేతనే వేగాన్ని అదుపు చేయించాలి. న్యూట్రల్‌లో దిగడం మహా ప్రమాదం.

1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు. అందులో 36 కొక్కెపు మలుపులున్నాయి. ఇప్పుడు దిగేవాళ్లంతా దాని మీదుగానే వస్తారు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం వారు నియమం పెట్టారు. లెక్క కట్టండి: సగటున గంటకు 28 కిలోమీటర్లు దాటకూడదన్నమాట. ఇందాకటి మలుపు లెక్క తెలిసిన మీకు ఈ నియమం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఎర్రకారు తాళం తిప్పి చూశాం. ‘ఏబీఎస్’ అన్న దీపం వెలిగి, ఇంజను నడిచాక ఆరిపోవాలి. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు అది. దొర్లే చక్రానికే స్టీరింగు మాట వినే గుణం ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నింటికీ అది తప్పనిసరి. అంతకుముందు కార్లలో కొన్నింటికే ఉండేది. దీపం అసలు వెలగనే వెలగకపోతే లోపాన్ని దాచడానికి ఎవరో తీసేశారేమోనని అనుమానించాలి. ఇక్కడ వెలిగింది, ఆరింది. మా మేనల్లుడి ముఖం కూడా వెలిగింది.

“టైర్లు మారిస్తే సరిపోతుంది కదా మామా?” అన్నాడు. నిజమే. టైర్లు, వైపర్లు, బ్రేకు ద్రవం డబ్బుతో మార్చగలిగినవి. మార్చలేనివి ఇంకా చూడాల్సి ఉంది. పాపను సీటు బెల్టు చివరిదాకా లాగమన్నాను. లాగింది. లోపలి భాగం మీద ఎండిన బురద చార! కాళ్ల కింద పరిచిన తివాచీ ఎత్తితే ముక్క వాసన. సీటు జారే పట్టాలకు తుప్పు. అమ్మేవాడు కారు పైపైన ఎంత తుడిచినా బెల్టు చుట్ట లోపలి బురదను మరిచిపోయాడు.

ఆ కారు ఏదో వరదలో మునిగింది! మన ఊళ్లకు పాత కార్లు చెన్నై, బెంగళూరు నుంచి కూడా వస్తాయి. 2015 డిసెంబరులో చెన్నైలో, 2021 నవంబరులో మన తిరుపతిలోనే ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన కారులో తీగల అతుకులు లోలోపల తుప్పుపట్టి, ఎప్పుడో ఒక వాన రాత్రి దీపాలో, వైపర్లో ఆగిపోవచ్చు. నడుస్తుండగా ఇంజను నీటిని పీలిస్తే మరీ కష్టం. సిలిండరులో గాలి నలుగుతుంది కాని నీరు నలగదు. పిస్టను కడ్డీ వంగిపోతుంది.

మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అమ్మను ఇందులో ఎక్కించలేను మామా,” అన్నాడు. నాకు ఆ మాట చాలు.

పది రోజుల తర్వాత మరొకటి దొరికింది. అదీ స్పోర్ట్స్ సెడానే. బూడిదరంగు, తలుపు మీద ఒక గీత. బెల్టులు శుభ్రంగా ఉన్నాయి. చల్లగా ఉన్న ఇంజనును నడిపిస్తే నీలిపొగ రాలేదు. నీలిపొగ వస్తే ఇంజను నూనె కాలుతున్నట్లు, తెల్లపొగ ఆగకుండా వస్తే చల్లబరిచే నీరు సిలిండరులోకి కారుతున్నట్లు. సర్వీసు పుస్తకంలో తేదీలు, కిలోమీటర్లు వరుసగా ఉన్నాయి. ఆర్సీలోని ఛాసిస్ నంబరు కారు మీది నంబరుతో సరిపోయింది. ఖాళీ రోడ్డు మీద బ్రేకు వేస్తే ఏ పక్కకూ లాగలేదు. ఒక టైరు లోపలి అంచు మాత్రం అరిగింది. పాప స్కేలు పెట్టి చూపించింది. ఆ మేరకు ధర తగ్గించి కొన్నాం. అమరిక సరిచేయించి, రెండు టైర్లు మార్పించాం.

డిసెంబరులో అందరం కలిసి తిరుమల వెళ్లాం. దిగేటప్పుడు వాన. లోపల నలుగురి ఊపిరిలోని తేమ చల్లని అద్దం మీద చేరి మసకబారింది. మేనల్లుడు ఏసీ వేయగానే అద్దం తేటపడింది. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులోని తేమను కూడా నీరుగా మార్చి బయటికి పంపుతుంది. రెండో గేరులో, వంపు వంపుకూ నెమ్మదించి, 48 నిమిషాల్లో అలిపిరి చేరాం. మా అక్క దారిపొడవునా నిద్రపోయింది. ఒక కారుకు ఇంతకన్నా మంచి యోగ్యతాపత్రం ఏముంటుంది?

మీరూ చేసి చూడండి: ఒక నున్నని పలక మీద రబ్బరు పెట్టి, పలక ఒక చివరను మెల్లగా ఎత్తండి. రబ్బరు జారడం మొదలైన క్షణాన పలక చివర ఎత్తును, నేల మీద దాని అడుగు పొడవుతో భాగించండి. వచ్చేదే ఘర్షణ గుణకం. తర్వాత పలకను తడిపి మళ్లీ చేయండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. మీ ఇంట్లో ఎవరైనా పాత కారో, మోటారు సైకిలో కొనబోతుంటే ఆ కాగితం వారికి చూపించి, స్కేలు పట్టుకొని వెంట వెళ్లండి.