ఏకకాల బహుళ వేదికా ప్రసారం

ఒకే కెమెరా ముందు జరిగే ప్రదర్శనను ఒకే సమయంలో పలు వెబ్‌సైట్లలో ప్రత్యక్షంగా చూపుటను ఏకకాల బహుళ వేదికా ప్రసారం అంటారు. ప్రేక్షకులు, వారు టోకెన్ల రూపంలో ఇచ్చే సొమ్ము పెరుగుటకై వయోజన వెబ్‌క్యామ్ ప్రదర్శకులు ఈ పద్ధతిని అనుసరిస్తారు. సెకనుకు 5 మెగాబిట్ల వీడియోను 3 సైట్లకు నేరుగా పంపుటకు 15 మెగాబిట్ల అప్‌లోడు వేగం అవసరం; మధ్యవర్తి సర్వరుకు పంపినచో 5 చాలు, ప్రతులను ఆ సర్వరే అందజేస్తుంది.

తుక్కుగూడలో ఇంటి నుండి విదేశీ సైటుకు పంపినా, సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 67ఏ సెక్షను ప్రకారం లైంగిక చర్యల ప్రసారం నేరం. తొలి నేరానికి 5 ఏళ్ళ వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. పాల్గొన్నవారి సమ్మతి దీనికి మినహాయింపు కాదు. 2025 జూన్‌లో హైదరాబాదులోని అంబర్‌పేటలో యాప్ ద్వారా ఇటువంటి ప్రసారం చేసిన దంపతులను పోలీసులు అరెస్టు చేశారు. సైట్ల సంఖ్యతో పాటు ప్రేక్షకులు రికార్డు చేసుకొనే అవకాశమూ పెరుగుతుంది. ప్రదర్శకులు తమ ఖాతా తొలగించినా ఆ ప్రతులు మిగిలిపోగలవు.