రేడియో కారు మలుపు ఎలా తిరుగుతుంది?

సూరత్‌లోని వడోద్ వీధుల్లోనైనా, మీ ఊళ్ళోనైనా మలుపు తిరిగే ఆటోరిక్షా వెనక చక్రాలను ఒకసారి గమనించండి. రెండింటినీ నడిపేది ఒకే ఇంజను. అయినా బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి. మీ రేడియో కంట్రోల్ కారులోనూ ఇంతే. దాని రెండు వెనక చక్రాల మధ్య దూరం 25 సెంటీమీటర్లు అనుకుందాం. కారు అర్ధవృత్తంలో తిరిగితే బయటి చక్రం 3.14 × 25, అంటే 78.5 సెంటీమీటర్లు అదనంగా నడవాలి. మలుపు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. ఎందుకో మీరే లెక్కకట్టి చూడండి.

ఈ తేడాను సర్దేది డిఫరెన్షియల్. ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1877లో మూడు చక్రాల సైకిలు కోసం దీన్ని వాడాడు. దాని పనితీరు చూడటం తేలికే. వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే కారును తీసుకోండి. స్విచ్ ఆపి, వెనక భాగం ఎత్తి, మోటారు తిప్పే పెద్ద పళ్ళచక్రాన్ని కదలకుండా పట్టుకోండి. ఎడమ చక్రాన్ని ముందుకు తిప్పితే కుడిచక్రం అంతే వేగంతో వెనక్కి తిరుగుతుంది. రెండు చక్రాల వేగాల సగటు డిఫరెన్షియల్ పెట్టె వేగానికి సమానం. ఇక్కడ పెట్టె ఆగి ఉంది కనుక సగటు సున్నా.

చిక్కంతా టార్క్ దగ్గర వస్తుంది. వేగాలు వేరైనా, డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ దాదాపు సమానమైన టార్క్‌నే ఇస్తుంది. లోపలి చక్రం నేలను వదిలితే దానికి ఎదురు ఉండదు, టార్క్ దాదాపు సున్నా అవుతుంది. నేలమీది చక్రానికీ అంతే అందుతుంది. ఒక చక్రం గాలిలో గిర్రున తిరుగుతుంటే కారు చతికిలబడుతుంది.

అందుకే ఆ పెట్టెలో సిలికాన్ నూనె పోస్తారు. నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీస్టోక్ అయితే, ఈ నూనెలు 1000, 5000, 10000 సెంటీస్టోక్‌లలో దొరుకుతాయి. నూనె ఎంత చిక్కనైతే చక్రాల వేగాల తేడాకు అంత అడ్డు. (బాల్ డిఫరెన్షియల్‌కు ఇది వర్తించదు, దాన్ని స్క్రూతో బిగిస్తారు.) చాలామంది చిక్కని నూనె పోసి ఊరుకుంటారు. అప్పుడు కారు మలుపు తిరగడానికే మొరాయిస్తుంది. జారుడు నేలమీద తోక విసురుతుంది. నన్నడిగితే, అసలు ఆ చక్రం నేలను ఎందుకు వదిలిందో ముందు చూడాలి.

దానికి జవాబు సస్పెన్షన్‌లో ఉంటుంది. కారును పైకెత్తినప్పుడు చక్రాలు కొంత కిందికి వేలాడాలి. ఆ దూరం చాలకపోతే, కారు పక్కకు ఒరిగినప్పుడు లోపలి చక్రం నేలను అందుకోలేదు. స్ప్రింగులు మరీ గట్టివైతే గతుకుల్లో ఎగిరిపడుతుంది. ఇక డాంపర్ సంగతి. కారును వేలితో నొక్కి వదలండి. రెండు మూడుసార్లు ఊగితే డాంపర్ నూనె పల్చన; పాకినట్లు లేస్తే చిక్కన; ఒకసారి లేచి నిలిస్తే సరి. భౌతికశాస్త్రంలో మీరు చదివిన అవరుద్ధ డోలనాలే ఇవి.

సస్పెన్షన్ కుదిరాకే డిఫరెన్షియల్ విప్పండి. నూనె లోపలి పళ్ళచక్రాలు మునిగేదాకా పోసి, బుడగలు పోయాక మూయండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, అదే మలుపులో నడిపి చూడండి.