బాలింత నడుముకు లోపలి కట్టు

పక్క మీద ఇటు నుంచి అటు తిరిగితే నడుము కింద కలుక్కుమంటోందా? ఒంటికాలిపై నిలబడి సల్వార్ తొడుక్కోలేకపోతున్నారా? కాన్పై రెండు నెలలైనా ఇలాగే ఉంటే వెన్నుకు ఇచ్చిన మత్తు సూదిని తిట్టుకోకండి. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల ప్రభావంతో కటి ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయి. పొట్ట కండరాలూ సాగుతాయి. బిడ్డ పుట్టగానే ఇవన్నీ బిగువెక్కవు.

అమ్మమ్మ కట్టే నడికట్టుతో హాయిగా ఉంటుంది, కాదనలేం. కానీ అది కండరాలకు ఆసరా ఇస్తుందే తప్ప బలమివ్వదు. ఆ బలం వ్యాయామంతోనే వస్తుంది.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. మెల్లగా గాలి వదులుతూ, మూత్రం ఆపుకొంటున్నట్టుగా లోపలి కండరాలను పైకి లాగండి. బొడ్డు కింది భాగాన్నీ కాస్త లోపలికి తీసుకోండి. 5 అంకెలు లెక్కపెట్టి పూర్తిగా వదిలేయండి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు. చాలామంది ఊపిరి బిగబట్టేస్తారు, పిరుదులు బిగించేస్తారు. అంకెలు పైకి లెక్కపెడితే ఊపిరి ఆగదు. అన్నట్టు, మూత్రానికి వెళ్లినప్పుడు మధ్యలో ఆపుతూ దీన్ని సాధన చేయొద్దు.

ఇది పట్టుబడ్డాక, అదే బిగింపుతో పిరుదులు పైకి లేపే సేతుబంధాసనం మొదలుపెట్టొచ్చు. బిడ్డను ఎత్తుకునే ముందూ ఇలాగే బిగించండి. పొట్ట తగ్గాలని అప్పుడే సిటప్స్ జోలికి వెళ్లొద్దు.

సిజేరియన్ అయితే డాక్టర్‌ను అడిగాకే ప్రారంభించండి. తొడల మధ్య తిమ్మిరి, ఉన్నట్టుండి మూత్రం రాకపోవడం లేదా పట్టు తప్పడం, కాలు బలహీనపడటం, నొప్పితో పాటు జ్వరం... వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.