తలుపుకి అడ్డంపెట్టిన నీలం!

కోడిగుడ్డంత నల్లరాయి అది. 1930ల్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో రాయ్ స్పెన్సర్ అనే కుర్రాడికి దొరికింది. నీలాల కోసం తవ్వుకు బతికే ఇల్లే వాళ్లది. అయినా దాన్ని పనికిరాని రాయనుకుని తలుపు కొట్టుకోకుండా అడ్డంపెట్టారు. ఏళ్లు గడిచాక, 1947లో హ్యారీ కజాంజియన్ అనే అమెరికా వ్యాపారి కొని సానబట్టిస్తే... ఆరు కిరణాల నక్షత్రం మెరిసింది! అదే 733 క్యారెట్ల 'బ్లాక్ స్టార్ ఆఫ్ క్వీన్స్‌లాండ్'.

అక్కడి ఊళ్ల పేర్లే సఫైర్, రూబీవేల్. ఆ చుట్టుపక్కల నీలాలన్నీ అగ్నిపర్వతాల చలవే. లావా చల్లబడితే వచ్చే నల్లరాయి బసాల్ట్. మన ఆదిలాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నదీ ఆ జాతిదే. అలాగని నీలం బసాల్ట్‌లో పుట్టదు. అది పుట్టేది భూమి లోపల ఎంతో లోతున. పైకి ఉబికే శిలాద్రవం దారిలో దాన్ని పెకలించి మోసుకొస్తుంది. చిత్రమేంటంటే, మోసుకొచ్చే ఆ ద్రవమే రాయిని కరిగించేస్తుంటుంది కూడా. ప్రయాణం ఆలస్యమైతే మిగిలేది శూన్యం! వడివడిగా పైకొచ్చినవే దక్కుతాయి. అందుకే ఈ రాళ్ల అంచులు అరిగి, ఒళ్లంతా గుంటలు పడి ఉంటాయి. కాలక్రమంలో బసాల్ట్ శిథిలమైతే, బరువెక్కువ కాబట్టి ఇవి పాత వాగుల గులకరాళ్లలో చేరతాయి. ఆ గులకను నీళ్లలో జల్లెడపట్టి బోర్లిస్తే నీలాలు కుప్ప మధ్యలో, పైనే కనిపిస్తాయి.

నీలమైనా కెంపైనా కురువిందమే, అంటే అల్యూమినియం ఆక్సైడ్. కాస్త ఇనుము, టైటానియం కలిస్తే నీలిరంగు. బసాల్ట్ నీలాల్లో ఇనుము పాలు ఎక్కువ. దాంతో సిరాలా ముదురుగా, ఓ పక్కనుంచి చూస్తే పచ్చగా ఉంటాయి. అతినీలలోహిత కాంతిలో పెట్టినా సాధారణంగా మెరవవు. కశ్మీర్, శ్రీలంక నీలాలు అగ్నిపర్వతం దారిన రాలేదు. వాటిలో ఇనుము తక్కువ, ధర ఎక్కువ.

చిక్కంతా అక్కడే. 1970, 80ల్లో ఆస్ట్రేలియా ముడిరాళ్లు పెద్దఎత్తున థాయ్‌లాండ్ చేరి, కొలిమిలో కాలి రంగు తేరి, చాలావరకూ పుట్టిన ఊరి పేరు పోగొట్టుకునే ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. శనిదోషానికని నీలం కొనే ఇళ్లు మనకీ తక్కువేం కాదు. 'అసలైన కశ్మీర్ నీలమండీ' అన్న దుకాణదారు మాటకన్నా ప్రయోగశాల ధ్రువపత్రం అడగడం మేలు. రాయిలోని ఇనుము, గాలియం ఎంతెంతో కొలిచి, లోపలి మలినాలనూ పరిశీలించి, అది అగ్నిపర్వతం దారిన వచ్చిందో లేదో నిపుణులు చాలాసార్లు చెప్పేస్తారు.