కెమెరా కంటే ముందు కాగితం

రాత్రి. వంటిల్లు. తండ్రి పీట మీద కూర్చుని భోంచేస్తున్నాడు. తల్లి పొయ్యి దగ్గర ఉంది. కొడుకు గుమ్మంలో నిలబడి "నాన్నా, ఉద్యోగం పోయింది" అంటాడు. తండ్రి కాసేపు ఊరుకుని, "రా, కూర్చో. అన్నం తిందువుగాని" అంటాడు.

స్క్రిప్టులో ఇది ఐదారు వాక్యాలు. చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. దీన్ని తెర మీదికి తేవాల్సిన దర్శకుడికి మాత్రం అసలు పని ఇక్కడే మొదలవుతుంది. "ఉద్యోగం పోయింది" అన్న మాట వినపడే క్షణంలో తెర మీద ఎవరు ఉండాలి? కొడుకు ముఖమా? అన్నం కలుపుతున్న తండ్రి చెయ్యా? అటు తిరిగి ఉన్న తల్లి వీపా?

కొడుకు ముఖం చూపిస్తే అది అతని సిగ్గు గురించిన సీను. కలుపుతున్న చెయ్యి ఆగిపోవడం చూపిస్తే ఇంటి భారం మోస్తున్నవాడి సీను. గరిటె తిప్పడం ఆపి, వెనక్కి తిరగడానికి కూడా భయపడుతున్న తల్లిని చూపిస్తే ఆ ఇద్దరి మధ్యా ఇన్నేళ్లూ నలిగిన మనిషి సీను. మాట అదే, నటులు వాళ్లే, ఇల్లూ అదే. కెమెరా ఎవర్ని చూస్తోందన్న దాన్నిబట్టి కథ ఎవరిదో మారిపోతుంది.

షాట్లు ముందే ఊహించుకోవడం, రాసుకోవడం, గీసుకోవడం అన్నదంతా ఈ నిర్ణయం కోసమే. ప్రేక్షకుడికి ఏ సంగతి, ఎప్పుడు, ఎవరి పక్షాన నిలబడి తెలియాలి? దీనికి జవాబు దొరికాకే లెన్సుల గురించీ, క్రేన్ల గురించీ మాట్లాడుకోవాలి.

సీనును షాట్లుగా విడగొట్టడం

కెమెరా మొదలైన దగ్గర్నుంచి ఆగేదాకా తీసిన ముక్క ఒక షాట్. సీనును ఇలా ముక్కలుగా విడగొట్టడాన్ని మన పరిశ్రమలో షాట్ డివిజన్ అంటారు. మనిషి, అతని చుట్టూ ఉన్న చోటు మొత్తం కనిపిస్తే లాంగ్ షాట్. నడుము నుంచి పైకి కనిపిస్తే మిడ్ షాట్. ముఖం తెరను నింపితే క్లోజప్. ఒకరి భుజం మీదుగా ఎదుటివారిని చూపిస్తే మన యూనిట్లలో దాన్ని సజెషన్ షాట్ అంటారు. పేర్లు నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఏది ఎప్పుడు వాడాలో తెలుసుకోవడమే విద్య.

మన వంటింటి సీనుకు ఒక ప్రణాళిక వేసి చూద్దాం.

ఒకటో షాట్: వంటింటి మూల నుంచి లాంగ్ షాట్. ముగ్గురూ ఒకే ఫ్రేములో ఉంటారు. తండ్రికీ, గుమ్మంలో నిలబడ్డ కొడుక్కీ మధ్య ఖాళీ నేల స్పష్టంగా కనిపించాలి. వాళ్ల మధ్య ఉన్న దూరాన్ని మాటల్లో చెప్పనక్కర్లేదు, ఆ నేల చెబుతుంది.

రెండో షాట్: కొడుకు మిడ్ షాట్. ద్వారబంధాన్ని పట్టుకున్న చెయ్యి కూడా కనిపిస్తుంది. నోరు తెరుస్తాడు.

మూడో షాట్: తండ్రి కంచం, పెరుగన్నం కలుపుతున్న చెయ్యి క్లోజప్. "ఉద్యోగం పోయింది" అన్న మాట దీని మీద వినిపిస్తుంది. చెయ్యి ఆగుతుంది.

నాలుగో షాట్: తల్లి వీపు. గరిటె చప్పుడు ఆగిపోతుంది.

ఐదో షాట్: కొడుకు క్లోజప్. తండ్రి గొంతు ఇక్కడ వినిపిస్తుంది. తిట్లకు సిద్ధపడి వచ్చినవాడు "అన్నం తిందువుగాని" అన్న మాట వింటాడు.

ఆరో షాట్: మళ్లీ మొదటి చోటు నుంచే లాంగ్ షాట్. కొడుకు వచ్చి తండ్రి పక్కన కూర్చుంటాడు. ఇందాకటి ఖాళీ నేల ఇప్పుడు లేదు.

ఈ ప్రణాళికలో తండ్రి ముఖాన్ని ఎక్కడా క్లోజప్‌లో చూపించలేదు. అది కావాలని చేసిన పని. ఆయన మనసులో ఏముందో చెయ్యి చెప్పింది, గొంతు చెప్పింది. ముఖం చూడాలన్న కోరికను ప్రేక్షకుడిలో అలాగే ఉంచాం. తర్వాతి సీనులో, ఆయన ఒంటరిగా అరుగు మీద కూర్చున్నప్పుడు, ఆ క్లోజప్ ఇస్తే దానికి పదింతల బలం వస్తుంది. ప్రతి డైలాగుకూ ముఖం మీదికి వెళ్లిపోతే, నిజంగా కావాల్సిన చోటికి వచ్చేసరికి క్లోజప్‌కు విలువ ఉండదు. ఇలాంటి పొదుపు సెట్‌లో అప్పటికప్పుడు తోచదు. సినిమా మొత్తాన్ని ముందే కళ్లకు కట్టుకున్నవారికే అది సాధ్యం.

కెమెరా ఎత్తు సంగతి కూడా ఇక్కడే తేలాలి. తండ్రి కింద కూర్చున్నాడు. కెమెరాను నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తులో పెడితే ఆయన్ను పైనుంచి కిందికి చూసినట్టవుతుంది, ఆయన చిన్నబోతాడు. కెమెరాను ఆయన కళ్ల ఎత్తుకు దించితే గౌరవం నిలుస్తుంది. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 'టోక్యో స్టోరీ' (1953) వంటి సినిమాల్లో కెమెరాను బాగా కిందికి దించి పెట్టేవారు. చాపల మీద కూర్చుని మాట్లాడుకునే ఆ ఇళ్ల మనుషుల మధ్య మనమూ కూర్చున్నట్టు ఉంటుంది. నేల మీద కూర్చుని తినే మన ఇళ్లకు కూడా ఆ ఎత్తు చక్కగా పనికొస్తుంది.

కనిపించని గీత

టీవీలో కబడ్డీ చూసేటప్పుడు ప్రధాన కెమెరా కోర్టుకు ఒక పక్కనే ఉంటుంది. ఆట మధ్యలో హఠాత్తుగా ఎదుటి పక్కకు దూకితే ఎడమ జట్టు కుడికీ, కుడి జట్టు ఎడమకూ మారిపోయి, రైడర్ ఎటు వెళ్తున్నాడో అర్థంకాక తికమకపడతాం.

సినిమాలోనూ ఇదే సూత్రం. తండ్రికీ కొడుక్కీ మధ్య ఒక గీత ఉందనుకోండి. కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. అప్పుడు తండ్రి ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి చూస్తాడు, కొడుకు కుడి నుంచి ఎడమకు చూస్తాడు. విడివిడిగా తీసిన షాట్లలో కూడా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టే ఉంటుంది. గీత దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు, మాట్లాడుకుంటున్న భావనే పోతుంది. సెట్‌లో "లుక్ ఎటు?" అన్న ప్రశ్న పదే పదే వినపడేది ఇందుకే.

ఎదుట మనిషే లేనప్పుడు ఇది మరీ ముఖ్యం. రాజమౌళి 'ఈగ' (2012)లో విలన్ సుదీప్ పోరాడేది తర్వాత కంప్యూటర్‌లో సృష్టించే ఈగతో. సెట్‌లో ఆయన ముందున్నది ఖాళీ గాలి. ఈగ ఎక్కడ వాలుతుంది, ఎటు ఎగురుతుంది, ఎంతసేపు ఉంటుంది అన్నది ముందే తేలకపోతే కళ్లు ఎటు తిప్పాలో నటుడికి తెలియదు.

గీసుకున్నవాళ్లు, లెక్క వేసుకున్నవాళ్లు

ఊహను కాగితం మీద పెట్టడానికి మూడు పద్ధతులున్నాయి. మొదటిది షాట్ల జాబితా: నంబరు, ఎవరు కనిపిస్తారు, ఎంత దగ్గర, కెమెరా కదులుతుందా లేదా. రెండోది గది పటం: పైనుంచి చూసినట్టు గీసి, మనుషులను చుక్కలుగా, కెమెరాను బాణం గుర్తుగా పెట్టుకోవడం. మూడోది స్టోరీబోర్డు: ప్రతి షాట్‌కూ ఒక చిన్న బొమ్మ.

బొమ్మల దారిలో మనకు బాపు కంటే గొప్ప ఉదాహరణ అక్కర్లేదు. 1967లో 'సాక్షి'తో దర్శకుడయ్యేనాటికే ఆయన తెలుగువారి ఇంటింటా తెలిసిన చిత్రకారుడు. తీయబోయే సినిమాను షాట్ల వారీగా బొమ్మలు వేసుకుని సెట్‌కు వెళ్లేవారు. 'ముత్యాల ముగ్గు' చూస్తుంటే ఏ ఫ్రేము దగ్గర ఆపినా బొమ్మలా ఎందుకుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

బెంగాల్‌లో సత్యజిత్ రాయ్ కూడా చిత్రకారుడే. 'పథేర్ పాంచాలి' (1955)కి ఆయన దగ్గర మామూలు పద్ధతిలో రాసిన పూర్తి స్క్రిప్టు లేదు. సిరాతో వేసుకున్న బొమ్మల పుస్తకం, కొన్ని నోట్సు ఉన్నాయి. నిర్మాతలకు ఆ పుస్తకాన్నే చూపించేవారు. తర్వాతి రోజుల్లో ఎర్రగుడ్డ అట్ట వేసిన ఖాతా పుస్తకాల్లో డైలాగులు, దుస్తులు, ఫ్రేములు అన్నీ కలిపి రాసుకునేవారు.

కె.వి. రెడ్డిగారిది లెక్కల దారి. సీన్లను ముందే చదివించి, స్టాప్‌వాచ్‌తో సమయం చూసి, సినిమా నిడివిని షూటింగుకు ముందే తేల్చుకునేవారని ఆయనకు పేరు. ఇదేదో చాదస్తం అనుకోవద్దు. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగుల చొప్పున ఖర్చవుతుంది, వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలకే అయిపోతుంది. తీసి పారేసిన ప్రతి నిమిషం నిర్మాత డబ్బే.

ఆయన తీసిన 'మాయాబజార్' (1957) ఆ క్రమశిక్షణకు సాక్ష్యం. మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళా దర్శకత్వం. ద్వారకా నగరాన్ని చిన్న చిన్న నమూనా ఇళ్లతో కట్టారు. ఆ నమూనాను ఏ దిక్కు నుంచి, ఎంత దూరం నుంచి చూపిస్తారో ముందే తెలియకపోతే కట్టడం ఎలా మొదలుపెడతారు? వివాహ భోజనం సీనులో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తాయి. అలాంటి ట్రిక్ షాట్లలో కెమెరా ఎక్కడుండాలి, నటుడు ఎప్పుడు నోరు తెరవాలి, ఏ ఫ్రేములో కట్ పడాలి అన్నవి అన్నీ కుదరాలి. కంప్యూటర్ లేని రోజుల్లో "తర్వాత సరిచేద్దాం" అన్న మాటే లేదు.

హాలీవుడ్‌లో హిచ్‌కాక్ తీసిన 'సైకో' (1960) స్నానాలగది హత్య కూడా ఇలాంటిదే. గ్రాఫిక్ డిజైనర్ సాల్ బాస్ దానికి స్టోరీబోర్డు గీశారు. చిత్రీకరణకు వారం పట్టింది. కెమెరాను 78 రకాలుగా పెట్టారు, తెర మీద 52 కట్లు పడ్డాయి. ముక్కలు ముక్కలుగా తీసినది మన మనసులో ఒకే ఘోరంగా అతుక్కుంటుంది.

కథ వరుస వేరు, తీసే వరుస వేరు

ఇప్పుడు మళ్లీ మన వంటింటికి రండి. ఆరు షాట్లున్నాయి కదా, వాటిని ఒకటి నుంచి ఆరు దాకా అదే వరుసలో తీయరు. కెమెరా దిక్కు మారిన ప్రతిసారీ లైట్లు మార్చాలి, దానికి చాలా సమయం పోతుంది. అందుకే ఒకే చోటి నుంచి తీయాల్సిన ఒకటి, ఆరు షాట్లను ముందు కలిపి తీసేస్తారు. తర్వాత కొడుకు వైపు చూసే రెండు, ఐదు. ఆ తర్వాత చెయ్యి, చివరికి తల్లి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఒకటో షాట్‌లో కంచం నిండా అన్నం ఉంది. ఆరో షాట్‌కు కథలో రెండు నిమిషాలు గడిచాయి. వరసగా తీస్తున్నాం కదా అని కంచం అలాగే ఉంచితే, ఎడిటింగ్‌లో తిన్న అన్నం మళ్లీ కంచంలోకి వచ్చేస్తుంది. దీన్ని కనిపెట్టుకుని ఉండేది కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్. షాట్ల జాబితా ముందే అతని చేతిలో ఉంటే ఆరో షాట్‌కు ముందు "అన్నం సగం తీసేయండి" అని గుర్తుచేస్తాడు. లేకపోతే ఎవరికీ తెలియదు, తెర మీద మాత్రం అందరికీ కనిపిస్తుంది.

అనుకున్నది జరగనప్పుడు

ఇంత రాసుకున్నా లొకేషన్‌లో ఏదో ఒకటి తారుమారవుతుంది. రాయ్ 'పథేర్ పాంచాలి' మొదటి రోజు షూటింగును తెల్లటి రెల్లుపూల మైదానంలో చేశారు. కథలోని పిల్లలు అపూ, దుర్గ రైలును చూసే ఘట్టం అది. వారం తర్వాత మిగతాది తీద్దామని వెళ్తే పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. వేరే చోట, వేరే నేపథ్యంతో ముగించి ఉండొచ్చు. ఆయన మళ్లీ పూలు పూసేదాకా ఆగారు. ఆ ఘట్టానికి ఆ తెలుపు ఎంత ముఖ్యమో మనసులో ఖాయంగా ఉండబట్టే ఆగగలిగారు.

స్పీల్‌బర్గ్‌కు 'జాస్' (1975)లో ఎదురైంది వేరే కష్టం. యాంత్రిక సొరచేప సముద్రపు నీటిలో మాటిమాటికీ మొరాయించింది. చేపను చూపించలేక నీటి మీద తేలే పీపాలను చూపించారు, కెమెరాను నీటిమట్టానికి దించారు, మిగతాది సంగీతానికి వదిలారు. కనిపించని చేపే ఎక్కువ భయపెట్టింది.

ఒకరు ప్రణాళికను పట్టుకుని ఆగారు, ఇంకొకరు దాన్ని మార్చుకున్నారు. ఇద్దరికీ సీను దేని కోసమో తెలుసు. ఏది వదలకూడదో, ఏది వదిలినా నష్టం లేదో ఆ తెలివిడే చెబుతుంది. "ముందే అన్నీ రాసుకుంటే సెట్‌లో స్వేచ్ఛ పోతుంది" అనేవాళ్లు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి. కెమెరా ఎక్కడ పెట్టాలా అని తలపట్టుకున్న దర్శకుడికి నటుడి కళ్లలో అనుకోకుండా మెరిసిన భావం కనపడదు. ఆ బెంగ లేనివాడికే కనపడుతుంది.

ఇవాళ ఫోను చేతిలో ఉన్న ప్రతి ఒక్కరూ సినిమా తీయగలరు. ఇది మంచి రోజే. షార్ట్ ఫిల్ములు తీసే యువతీయువకులకు నాదొక విన్నపం. మీకు క్రేన్ అక్కర్లేదు, బొమ్మలు వేయడం రాకపోయినా ఫర్వాలేదు. బాపులా గీయనక్కర్లేదు, తలకు సున్నా, ఒంటికి గీత చాలు. షూటింగుకు ముందు రోజు రాత్రి కూర్చుని, సీనులో అతి ముఖ్యమైన మాట ఏదో గుర్తించండి. ఆ మాట వినపడేటప్పుడు తెర మీద ఎవరుండాలో, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. ఆ తర్వాత గది పటం, దాని పక్కన షాట్ల జాబితా. మొత్తం ఒక కాగితం, ఒక పెన్సిలు, ఒక గంట. తెల్లారి ఆ కాగితం జేబులో పెట్టుకుని సెట్‌కు వెళ్లండి.